హైవే మీద ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోవడం ఎలా? తిరుపతి, చిత్తూరు నుంచి దూర ప్రయాణాలు చేసేవారికి సమగ్ర మార్గదర్శి

"తిరుపతి నుంచి బెంగళూరుకు ఎంతసేపు పడుతుంది?" అని ఎవరిని అడిగినా "ఐదు గంటలు" అంటారు. అది బండి ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. టిఫిను, టోల్‌గేటు, చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్‌లో చెడిపోయి నిలిచిన లారీ, హోస్కోటె దగ్గర సాయంత్రం రద్దీ, ఇవేవీ ఆ ఐదు గంటల్లో లేవు. విమానం తప్పినవాళ్లు, ముహూర్తం దాటాక పెళ్లికి చేరినవాళ్లు, ఆసుపత్రి అపాయింట్‌మెంటు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఈ లెక్కతోనే బయల్దేరి ఉంటారు.

పోయిన సమయాన్ని వేగంతో రాబట్టలేం. 50 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 80 కి.మీ. వేగంతో వెళ్తే ముప్పై ఏడున్నర నిమిషాలు, 100తో వెళ్తే ముప్పై నిమిషాలు పడుతుంది. అంత తెగించి నడిపినా మిగిలేది ఏడున్నర నిమిషాలే. అందుకే బయల్దేరాల్సిన సమయం, దారి మార్చుకునే చోటు, వెనక్కి తగ్గాల్సిన సమయం, ఈ మూడూ ఇంట్లో కూర్చుని కాగితం మీద తేల్చుకోవాలి.

1. ప్రయాణ సమయాన్ని నాలుగు భాగాలుగా లెక్కకట్టండి

మొదటిది నడక సమయం, అంటే బండి ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టేది. మ్యాప్ యాప్‌లో "ఇప్పుడు" అని కాకుండా, మీరు వెళ్లే రోజు, బయల్దేరే గంట పెట్టి చూడండి. ఒక అంకె కాకుండా "4 గంటల 30 నిమిషాల నుంచి 6 గంటలు" అన్నట్టు వస్తే పెద్ద అంకెకు దగ్గరగా ఉన్నదాన్నే తీసుకోండి. రాత్రి పది గంటలకు ఇంట్లో పడుకుని చూసిన సమయాన్ని మర్నాడు ఉదయం ప్రయాణానికి వాడుకోవడం అందరూ చేసే పొరపాటు.

రెండోది ఆగే సమయం. టిఫినుకు 25 నిమిషాలు, మూత్ర విసర్జనకు ఒక్కోసారికి 10 నిమిషాలు, పెట్రోలు, టోల్‌గేట్లకు కలిపి 15 నిమిషాలు వేయండి. చంటిపిల్లలు గానీ పెద్దవాళ్లు గానీ ఉంటే ఆగే ప్రతిచోటా మరో 10 నిమిషాలు కలపండి. కారులోంచి దిగడానికే వాళ్లకు అంత పడుతుంది.

మూడోది అదనపు సమయం. ఇది నడక సమయం మీద వేసుకోవాలి. మామూలు పనిదినానికి 15 శాతం. శని, ఆదివారాలకు, వాన సూచన ఉన్న రోజులకు 25 శాతం. పండుగ రద్దీకి, వరుస సెలవులు మొదలయ్యే రోజుకు, ముగిసే రోజుకు 40 శాతం.

నాలుగోది చేరాక పట్టే సమయం. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆసుపత్రిలో పార్కింగు, కల్యాణమండపం వెతుక్కోవడం, విమానాశ్రయంలో లోపలికి వెళ్లే వరుస అన్నీ ఇందులోకే వస్తాయి. దేశంలో తిరిగే విమానమైతే రెండు గంటలు, విదేశీ విమానమైతే మూడు గంటల ముందు చేరేలా చూసుకోండి. దేశీయ విమానాలకు చాలా సంస్థలు గంట ముందే చెక్‌ఇన్ కౌంటరు మూసేస్తాయి కాబట్టి, రెండు గంటల్లో నిజంగా మీ చేతిలో ఉండేది ఒక్క గంటే.

2. "ఆఖరి సమయాల" పట్టిక రాసుకోండి

ఈ గైడులో ఒక్కటే చేసే ఓపిక ఉంటే, ఇది చేయండి. దారిలో నాలుగైదు ఊళ్లు ఎంచుకుని, ఒక్కోదానికి రెండు సమయాలు రాసుకోవాలి. ఒకటి అనుకున్న సమయం. రెండోది ఆఖరి సమయం, అంటే అది దాటితే ఇంకెక్కడా ఆగకుండా వెళ్లినా ఆలస్యం తప్పదు అనే గడువు.

సాయంత్రం 6 గంటలకు దేవనహళ్లిలో, అంటే బెంగళూరు విమానాశ్రయంలో, విమానం ఉందనుకోండి. రెండు గంటల ముందు, అంటే 4 గంటలకు అక్కడ ఉండాలి. తిరుపతి నుంచి విమానాశ్రయానికి నడక సమయం సుమారుగా ఇలా ఉంటుంది:

- తిరుపతి నుంచి చిత్తూరు: గంటంబావు
- చిత్తూరు నుంచి పలమనేరు: 50 నిమిషాలు
- పలమనేరు నుంచి ముళబాగిలు: ముప్పావు గంట
- ముళబాగిలు నుంచి కోలారు మీదుగా హోస్కోటె: గంటంబావు
- హోస్కోటె నుంచి విమానాశ్రయం: 50 నిమిషాలు

మొత్తం 4 గంటల 55 నిమిషాలు. ఆగడానికి 50 నిమిషాలు. అది శనివారం అనుకుంటే 25 శాతం చొప్పున అదనంగా 75 నిమిషాలు. అన్నీ కలిపితే ఏడు గంటలు. అంటే ఉదయం 9 గంటలకు బండి కదలాలి. కదలడం అంటే వీధి చివర మలుపు తిరగడం. ఇంటికి తాళం వేస్తూ ఉండటం కాదు.

ఇప్పుడు పట్టిక:

- తిరుపతి: అనుకున్నది 9:00, ఆఖరిది 11:05
- చిత్తూరు: అనుకున్నది 10:15, ఆఖరిది 12:20
- పలమనేరు (టిఫిను ముగించి కదిలేది): అనుకున్నది 11:30, ఆఖరిది 1:10
- ముళబాగిలు (పది నిమిషాలు ఆగి కదిలేది): అనుకున్నది 12:25, ఆఖరిది 1:55
- హోస్కోటె (టోలు, పెట్రోలు సమయం కలిపి): అనుకున్నది 1:55, ఆఖరిది 3:10
- విమానాశ్రయం: అనుకున్నది 2:45, ఆఖరిది 4:00

ఆఖరి సమయాలను వెనక నుంచి లెక్కకట్టాలి. నాలుగు గంటల నుంచి 50 నిమిషాలు తీసేస్తే హోస్కోటె 3:10, అందులోంచి గంటంబావు తీసేస్తే ముళబాగిలు 1:55. ఇలా ఇంటిదాకా రండి. మీ దారికి, మీ బండికి నిమిషాలు మారతాయి, పద్ధతి మారదు.

దీన్ని ఎలా వాడాలి? రెండు సమయాలకూ మధ్యలో ఉన్నంతసేపు తొందర పడొద్దు. చిత్తూరుకు 11 గంటలకు చేరినా ఇంకా గంటా ఇరవై నిమిషాలు చేతిలో ఉన్నట్టే. డ్రైవరును "పోనీ, పోనీ" అని తరమొద్దు. ఆఖరి సమయానికి అరగంట దగ్గరకు వస్తే టిఫినును పొట్లం కట్టించుకుని కారులోనే తినండి. ఆఖరి సమయం దాటితే బండి పక్కన ఆపి విమాన సంస్థకు ఫోను చేయండి. ఆ సంస్థ పెట్టిన గడువులోపు తేదీ మార్చుకుంటే ఎంతోకొంత తిరిగి రావొచ్చు, విమానం ఎగిరిపోయాక దాదాపు ఏమీ రాదు. పట్టికను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పక్క సీట్లో కూర్చునేవారి చేతికివ్వండి. డ్రైవరు లెక్కలు వేయకూడదు.

3. ఏ దారిలో ఎక్కడ తిరగొచ్చో ముందే తెలుసుకోండి

జామ్ కళ్లముందుకు వచ్చాక దారి మార్చడం కుదరదు. ముందు లారీ, వెనక బస్సు, మధ్యలో డివైడరు. అందుకే తిరగడానికి వీలున్న చోట్లు గుర్తుపెట్టుకుని, అక్కడికి పది కిలోమీటర్ల ముందే మ్యాప్ చూడాలి.

*చెన్నై వైపు.* పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా వెళ్లేది మామూలు దారి. ఇందులో నిర్ణయం తీసుకోవాల్సిన ఊరు పుత్తూరు. నగరి, తిరుత్తణి వైపు ఎర్రగా కనిపిస్తే పుత్తూరు నుంచి నారాయణవనం, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా రెడ్‌హిల్స్ వైపు దిగొచ్చు. రోడ్డు సన్నం, వేగం తక్కువ, కాకపోతే కదులుతూ ఉంటారు. నగరి దాటాక ఈ వీలు పోతుంది. తిరుపతిలోనే సంగతి తెలిస్తే నాయుడుపేట వెళ్లి 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకోవచ్చు. దూరం పెరుగుతుంది, ఉత్తర చెన్నైకి వెళ్లేవారికి మాత్రం అది నష్టమేమీ కాదు. తాంబరం, వండలూరు వైపు పనుంటే పూందమల్లి ఊళ్లోకి దూరకుండా తిరువళ్లూరు దాటాక అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కండి.

*బెంగళూరు వైపు.* తిరుపతిలోనే రెండు దారులున్నాయి. చిత్తూరు, పలమనేరు మీదుగా ఒకటి. భాకరాపేట ఘాట్ ఎక్కి పీలేరు, మదనపల్లె, చింతామణి మీదుగా ఇంకొకటి. దేవనహళ్లి విమానాశ్రయానికి వెళ్లేవారికి రెండోది మంచి ప్రత్యామ్నాయం, బెంగళూరు ఊరు తగలనే తగలదు. చిత్తూరు దారిలో వెళ్తే హోస్కోటె దగ్గర తప్పకుండా కుడివైపు దేవనహళ్లి రోడ్డుకు తిరగాలి. అలవాటు కొద్దీ నేరుగా కె.ఆర్.పురం వెళ్లారంటే టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర పట్టే సమయం ఏ లెక్కకూ అందదు.

రోడ్డు పూర్తిగా మూతపడిన రోజున రైలును మరచిపోవద్దు. చిత్తూరుకు దగ్గర్లోనే కాట్పాడి జంక్షన్ ఉంది. చెన్నైకి, బెంగళూరుకు, రెండువైపులా అక్కణ్నుంచి రోజంతా రైళ్లుంటాయి. ముళబాగిలు, కోలారు మధ్య ఇరుక్కుంటే బంగారుపేట జంక్షన్ ఉంది. బండిని, లగేజీని డ్రైవరుకు వదిలి, తప్పకుండా వెళ్లాల్సిన ఒక్క మనిషి రైలెక్కినా చాలాసార్లు పని గట్టెక్కుతుంది.

*హైదరాబాదు వైపు.* రేణిగుంట, కడప, కర్నూలు దారి. రేణిగుంట నుంచి కోడూరు దాకా అడవి, మలుపులు, రోడ్డు పనులు కలిసి వేగాన్ని తగ్గిస్తాయి. ఇక్కడ సగటున గంటకు 45 కిలోమీటర్లకు మించి వేసుకోవద్దు. శంషాబాదు విమానాశ్రయం ఊరికంటే ముందే వస్తుంది. విమానం కోసమే వెళ్లేవారు నగరం రద్దీకి విడిగా సమయం కలపనక్కర్లేదు.

మ్యాప్ చూపించే పల్లె దారుల విషయంలో జాగ్రత్త. "12 నిమిషాలు ఆదా" అని చూపించే దారి చెరువు కట్ట మీదుగా పోవచ్చు, ఎదురుగా ట్రాక్టరు వస్తే తప్పుకునే చోటే ఉండకపోవచ్చు. ఆదా ఇరవై నిమిషాలకు తక్కువైతే హైవేలోనే ఉండండి. అంతకంటే ఎక్కువైతే ఆ దారి నుంచి వస్తున్న ఆటోను ఆపి "అన్నా, కారు పోతుందా?" అని అడిగి వెళ్లండి.

4. తేదీ ఖాయం చేసే ముందు క్యాలెండరు చూడండి

మన జిల్లాల్లో రద్దీకి ఒక ఏడాది చక్రం ఉంది. అది తెలిస్తే సగం ఆలస్యాలు తేదీ మార్చుకోవడంతోనే తప్పిపోతాయి.

మే చివరి నుంచి జూలై దాకా మామిడి. బంగారుపాళెం, తవణంపల్లె, గంగాధరనెల్లూరు వైపు గుజ్జు పరిశ్రమల ముందు తోతాపురి ట్రాక్టర్లు వరుసకట్టి రోడ్డు అంచుదాకా వస్తాయి. దామలచెరువు మండీ దగ్గరా అంతే. చీకటి పడ్డాక వెనక దీపాలు లేని ట్రాలీలు రోడ్డు మీద నిలిచి ఉంటాయి. ఈ నెలల్లో చిత్తూరు, పలమనేరు మధ్య పగటి పూట వెళ్లండి, అరగంట ఎక్కువ వేసుకోండి.

ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్లు మోసుకుని భక్తులు రోడ్డు వెంట నడుస్తారు. ఆ రెండు మూడు రోజులూ చెన్నైకి నాగలాపురం దారే మేలు. వినాయక చవితి నుంచి 21 రోజులు కాణిపాకం బ్రహ్మోత్సవాలు. మొదటి రోజుల్లో పూతలపట్టు, చిత్తూరు మధ్య బళ్లు నెమ్మదిస్తాయి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ ముందురోజు, ఆ రోజు, మర్నాడు తిరుపతి ఊళ్లోంచి బయటపడటానికే గంట వేసుకోవాలి. వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, శ్రీకాళహస్తికి మహాశివరాత్రి కూడా ఇదే జాబితాలోవి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. ఇది మాత్రం తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట, నందలూరు ప్రాంతం నీట మునిగింది. అదే వారంలో నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాలూ, జాతీయ రహదారీ కోసుకుపోయాయి. వాయుగుండం హెచ్చరిక ఉంటే కడప దారికి, నెల్లూరు దారికి అదనపు సమయం వేయడం కాదు, ప్రయాణాన్నే ఒకరోజు వెనక్కో ముందుకో జరపండి. చప్టా మీద నీళ్లు పారుతుంటే దాటే ప్రయత్నం చేయొద్దు. అడుగు లోతు ప్రవాహం చాలు, చిన్న కారు పట్టు తప్పుతుంది.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పలమనేరు వైపు పొగమంచు ఉంటుంది. ఏడు గంటలు దాటాక ఆ భాగంలోకి వచ్చేలా చూసుకోండి.

5. బయల్దేరే గంట

మూల సూత్రం ఒకటే: పెద్ద నగరంలోకి ఉదయం 8 నుంచి 11 మధ్య గానీ, సాయంత్రం 5 నుంచి 9 మధ్య గానీ అడుగుపెట్టకూడదు. అందుకే నగరం పొలిమేరకు చేరే సమయం ముందు ఖాయం చేసి, అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టండి. చెన్నైకి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఏడున్నరకల్లా పూందమల్లి దాటొచ్చు. ఐదున్నరకు బయల్దేరితే గంటన్నర తేడాకు మరో గంట రద్దీలో పోతుంది.

అర్ధరాత్రి దాటాక రెండు నుంచి ఐదు మధ్య నడపకుండా ఉంటే మంచిది. నిద్ర ముంచుకొచ్చే సమయం అదే. నగరం రద్దీ తప్పించుకోవడానికి నాలుగింటికే కదలాల్సి వస్తే డ్రైవరు ముందురోజు రాత్రి తొమ్మిదికే పడుకోవాలి. అద్దె బండి అయితే, ముందురోజు అతనికి వేరే రాత్రి బాడుగ లేదని అడిగి తెలుసుకోండి.

రాహుకాలం, వర్జ్యం చూసుకునే ఇళ్లలో మంచి ఘడియ సరిగ్గా రద్దీ వేళకు పడుతుంటుంది. దానికి పెద్దలు చూపించిన దారి ఉండనే ఉంది: ప్రస్థానం. మంచి ఘడియలో ఒక సంచిని పక్కింట్లోనో గుడిలోనో ఉంచి, బండి కదలడం మాత్రం రోడ్డుకు అనువైన వేళ పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల మాటా నిలబడుతుంది, విమానమూ అందుతుంది.

6. ఫాస్టాగ్: ముందురోజు రాత్రే చూడాల్సింది

టోల్‌గేటు దగ్గర ఆలస్యమంతా ట్యాగ్ పలకని ఒక్క బండి వల్లే వస్తుంది. ఆ బండి మీదే కాకుండా చూసుకోండి.

- వెళ్లడానికి, రావడానికి అయ్యే టోలుకు కనీసం ఒకటిన్నర రెట్లు నిల్వ ఉంచండి. తిరుపతి నుంచి చిత్తూరు దారిలో గాదంకి, ఆపైన మహాసముద్రం, చెన్నై దారిలో ఎస్.వి.పురం టోల్‌గేట్లు మన వైపే ఉన్నాయి. సరిహద్దు దాటాక మరికొన్ని తగులుతాయి.
- ట్యాగ్ స్థితి చూడండి. కేవైసీ పూర్తికాక గానీ, నిల్వ లేక గానీ బ్లాక్‌లిస్టులో పడితే, గేటు ముందు రీఛార్జి చేసినా వెంటనే పనిచేయకపోవచ్చు. కనీసం ముందురోజే సరిచేయాలి.
- ట్యాగ్ ముందు అద్దం లోపలివైపు, వెనక్కి చూసుకునే చిన్న అద్దం వెనక గట్టిగా అంటి ఉండాలి. చేత్తో పట్టుకుని చూపించడం నిబంధనలకు విరుద్ధం.
- ట్యాగ్ పనిచేయకపోతే మామూలు టోలుకంటే ఎక్కువ కట్టాలి, యూపీఐతో అయితే ఒకటింబావు రెట్లు వసూలు చేస్తారు. ఫోనులో యూపీఐ సిద్ధంగా ఉంచుకోండి.
- వార్షిక పాసు సొంత కార్లకు 200 దాటింపులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. అది జాతీయ రహదారులకే. చెన్నై, హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్లకు చెల్లదు. అక్కడ ట్యాగ్‌లో డబ్బు ఉండాల్సిందే.

పసుపు నంబరు ప్లేటు బండిలో తమిళనాడు, కర్ణాటక వెళ్తుంటే పర్మిట్, పన్ను కట్టిన రశీదు ఉన్నాయా అని యజమానిని ముందే అడగండి. నంగలి చెక్‌పోస్టు దగ్గర పోయే అరగంట ఎక్కువగా ఈ కాగితాల గురించే.

7. బండిని జామ్‌కు సిద్ధం చేయడం

హైవే మీద బాగా పరుగెత్తే బండి జామ్‌లో చతికిలపడొచ్చు. నడుస్తున్నప్పుడు ఎదురుగాలి రేడియేటరును చల్లబరుస్తుంది. నిలబడ్డప్పుడు ఆ పని మొత్తం ఫ్యాన్ మీదే పడుతుంది. కాబట్టి మూడు రోజుల ముందు ఒక పరీక్ష చేయండి: ఇంటి ముందు ఏసీ వేసి, ఇంజను పావుగంట నడవనివ్వండి. ఫ్యాన్ తిరిగే చప్పుడు వినిపించాలి, వేడి ముల్లు మధ్యకు మించి పైకి పోకూడదు. ఫ్యాన్ తిరగకపోతే రిలే, ఫ్యూజు, మోటారు చూపించండి. కూలెంట్ మట్టాన్ని ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

- టైర్లలో గాలి ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. డ్రైవరు తలుపు పక్కన రాసిన "నిండు బరువు" అంకె చూసుకోండి. స్టెప్నీలో కూడా.
- జాకీ, వీల్‌స్పానర్ ఉన్నాయా, నట్లు వదులవుతాయా అని ఒకసారి తిప్పి చూడండి. పంక్చర్ షాపులో మెషీనుతో బిగించిన నట్లు చేత్తో రాకపోవడం చాలా బళ్లలో ఉంటుంది.
- నిలబడ్డ కారు ఏసీతో గంటకు సుమారు లీటరు పెట్రోలు తాగుతుంది. టాంకు సగానికి తగ్గకముందే నింపండి. ఘాట్ ఎక్కేముందు తప్పనిసరి.
- వైపర్ బ్లేడు, బ్రేకు దీపాలు చూసుకోండి. మీ వెనకవాడికి మీరు కనిపించేది ఆ దీపాలతోనే.
- రెండు ఫోన్లకు కారు ఛార్జరు, ఒక పవర్‌బ్యాంకు. దారి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచండి, ఘాట్లలో సిగ్నలు నమ్మకం లేదు.

8. నీళ్లు, తిండి, మందులు

మనిషికి మూడు గంటలకు ఒక లీటరు నీళ్లు లెక్కేసి, దానిమీద రెండు లీటర్లు వేరుగా ఉంచండి. చింతపండు పులిహోర, రొట్టెలు, వేరుశనగ ఉండలు ఎండకు ఆగుతాయి. పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది, కొబ్బరి చట్నీ అంతకంటే ముందే పాడవుతుంది.

మందులు డిక్కీలోని పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్‌ను డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు, చల్లని సంచిలో కాళ్ల దగ్గర పెట్టండి. షుగరు ఉన్నవాళ్ల పక్కన గ్లూకోజు గానీ చక్కెర గానీ ఉంచండి, జామ్‌లో భోజనం వేళ దాటిపోతుంది. ఘాట్‌లో వాంతులయ్యేవారికి డాక్టరు చెప్పిన మాత్రను మలుపులు మొదలవడానికి అరగంట ముందే వేయాలి. మలుపుల్లో వేస్తే ఫలితం ఉండదు.

9. జామ్‌లో ఇరుక్కుంటే ఏం చేయాలి, ఏ వరుసలో

1. దూరంగా వరుస కనిపించగానే నాలుగు ఇండికేటర్లూ వేసి నెమ్మదించండి. వరుసలో చివరి బండి మీదే అయినంతసేపూ వాటిని వెలిగించే ఉంచండి, అద్దంలో వెనక్కి చూస్తూ ఉండండి. వెనక రెండు బళ్లు ఆగాక ఆపేయొచ్చు.

2. ముందు బండి వెనక టైర్లు రోడ్డును తాకే చోటు మీకు కనిపించేంత ఖాళీ వదలండి. ఆ బండి చెడిపోయినా, మీరు వెనక్కి పోకుండానే పక్కకు తిప్పుకుని బయటపడగలిగేది ఆ ఖాళీతోనే. బంపరుకు బంపరు ఆనించి నిలబెడితే మీ చేతిలో ఏమీ ఉండదు.

3. రాంగ్ రూట్‌లోకి దూరొద్దు. క్రేను, అంబులెన్సు వచ్చే దారి అదే. అరగంటలో తేలిపోయే జామ్ మూడు గంటలు సాగడానికి కారణం ఎదురు వరుసలోకి దూరిన నాలుగు కార్లే.

4. ఐదు నిమిషాలు కదలకపోతే ఇంజను ఆపండి. వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి అద్దాలు దించండి. ఇంజనులోని వేడి కొంత అటు పోతుంది. అయినా తగ్గకపోతే పక్కన ఆపి బానెట్ తెరవండి. రేడియేటరు మూతను మాత్రం అరగంట దాకా ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు ముఖం మీదకు చిమ్ముతాయి.

5. పక్క మనిషి పట్టిక తీసి, ఏ ఊరి ఆఖరి సమయం దగ్గరపడుతోందో చూడాలి. ఎదురుచూస్తున్నవాళ్లకు ఒకే ఒక ఫోను చేసి, కొత్త సమయాన్ని గంట కలిపి చెప్పాలి. "పది నిమిషాల్లో వచ్చేస్తాం" అని నాలుగుసార్లు చెప్పడం వల్ల అవతలివాళ్లు ఏ ఏర్పాటూ చేసుకోలేరు.

6. బండి చెడిపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033. ప్రమాదమైతే 112, అంబులెన్సుకు 108. కిలోమీటరు రాయి మీది అంకె చెబితే వాళ్లు త్వరగా చేరతారు. అందరూ దిగి రోడ్డు అంచున ఉన్న ఇనుప కడ్డీకి అవతల నిలబడాలి.

మొగిలి ఘాట్‌లో ఇంకో జాగ్రత్త. పలమనేరు వైపు ఎక్కేటప్పుడు వరుస ఆగితే సగం క్లచ్ మీద బండిని నిలబెట్టొద్దు. పది నిమిషాల్లో క్లచ్ కాలిన వాసన వస్తుంది, ఆపైన బండి ఎక్కదు. హ్యాండ్‌బ్రేకు లాగి, న్యూట్రల్ చేసి, ముందు బండి మూడు నాలుగు బారలు జరిగాకే కదలండి. చిత్తూరు వైపు దిగేటప్పుడు రెండో, మూడో గేరులో దిగండి. బ్రేకు మీదే కాలు ఉంచితే ఆ వేడికి బ్రేకులు పట్టడం మానేస్తాయి. ముందు బరువు లారీ దిగుతుంటే దూరం పెంచండి, దాని వెనకో ముందో అతుక్కుని వెళ్లొద్దు. భాకరాపేట ఘాట్‌లో తిరుపతి వైపు దిగేటప్పుడూ ఇదే పద్ధతి.

పలమనేరు అడవి భాగంలో ఏనుగులు రోడ్డు దాటుతూ బళ్లు ఆగితే హారన్ కొట్టొద్దు, లైట్లు ఎగరేయొద్దు, ఫోటో కోసం దిగొద్దు.

10. ప్రయాణంలో తిరుమల కూడా ఉంటే

కొండ లెక్క వేరు. అలిపిరి తనిఖీ దగ్గర బండి, సామాను అన్నీ చూస్తారు. వారాంతాల్లో ఒక్క ఈ వరుసకే గంట వేయండి. మద్యం, పొగాకు, మాంసాహారం బండిలో ఉంటే అక్కడే నిలిచిపోతారు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కొండమీదకు రానివ్వరు కాబట్టి, మీరు దారి కోసం నింపుకున్న నీళ్లు స్టీలు సీసాల్లో ఉండాలి. బండికి ఫాస్టాగ్ తప్పనిసరి. ఘాట్ రోడ్డులో నిర్ణీత సమయం కంటే ముందే చేరితే జరిమానా పడుతుంది, తొందరపడి లాభం లేదు. రాత్రి ఘాట్ మూసే వేళలు బళ్లను బట్టి, ఉత్సవాలను బట్టి మారతాయి. ఆ రోజు వేళలు దేవస్థానం ప్రకటనలో చూసుకోండి.

దర్శనానికి పట్టే సమయం ఎవరి చేతిలోనూ లేదు. ఉదయం దర్శనం టోకెను ఉందని సాయంత్రం రేణిగుంటలో రైలుకో, చెన్నైలో విమానానికో టికెట్టు కొనొద్దు. ఆ రాత్రికి తిరుపతిలోనే ఆగి, మర్నాటి టికెట్టు తీసుకోండి.

11. తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు ఇంత లెక్క వేసినవాళ్లు వచ్చేటప్పుడు "ఇంటికే కదా" అని వదిలేస్తారు. అలసిన డ్రైవరు, తగ్గిన ఫాస్టాగ్ నిల్వ, ఖాళీ సీసాలు, ఆదివారం సాయంత్రం రద్దీ, అన్నీ అప్పుడే కలిసి వస్తాయి. బెంగళూరు నుంచి ఆదివారం వచ్చేటట్టయితే మధ్యాహ్నం మూడింటికల్లా హోస్కోటె దాటండి. మొగిలి ఘాట్ వెలుతురుండగానే దిగొచ్చు. అది కుదరకపోతే రాత్రికి అక్కడే పడుకుని సోమవారం తెల్లవారుజామున ఐదింటికి కదలండి. తొమ్మిదిన్నర, పది గంటలకల్లా తిరుపతిలో ఉంటారు. సోమవారం ఉదయం ఆఫీసుకు ఒక గంట ఆలస్యంగా వస్తామని శుక్రవారమే చెప్పి ఉంచండి.